మూసిన షోరూంలో కారు చూపులు

హాయ్ అండీ, అందరూ ఎలా ఉన్నారు? ఇవాళ ఆదివారం, మేం కారు చూపులకి వచ్చాం. నా వెనకాల చూడండి, ఇంత పెద్ద షోరూం, బయట ఎండలో వందల కార్లు, మనిషన్నవాడు ఒక్కడు లేడు. టెక్సస్‌లో ఒక చట్టం ఉందండీ. కార్లమ్మే డీలర్లు శని, ఆదివారాలు రెండూ వరసగా తెరవకూడదు, ఏదో ఒకరోజు మూయాల్సిందే. శనివారం బేరాలు ఎక్కువ కాబట్టి దాదాపు అందరూ ఆదివారమే మూస్తారు. నాలాంటి వాళ్ళకి అంతకంటే ఏం కావాలి? వెంటపడే సేల్స్ అబ్బాయి ఉండడు. లోపలికి తీసుకెళ్ళి, కాఫీ చేతిలో పెట్టి, మేనేజర్‌ని అడిగొస్తానంటూ గంటలకి గంటలు కూర్చోబెట్టడు. అద్దంలోంచి తొంగిచూసి, స్టికర్ చదువుకుని, మన దారిన మనం పోవచ్చు.

ఈ వీడియో అసలు మా అత్తయ్య కోసం. మా మరిది పోయిన నెల హైదరాబాద్‌లో కొత్త కారు తీసుకున్నాడు. పూజ వీడియో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాడు. పనోరమిక్ సన్‌రూఫ్, చల్లగాలి వచ్చే సీట్లు, నాలుగు వైపులా కెమెరాలు, డోర్ల లోపల రంగు లైట్లు. మర్నాడే అత్తయ్య ఫోను.

"అమ్మాయ్, మీ కారులో సీట్లోంచి చల్లగాలి వస్తుందా?"

రాదు అత్తయ్యా.

"పైన అద్దం తెరుచుకుంటుందా?"

తెరుచుకోదు.

"మరి అన్నేళ్ళ నుంచీ అక్కడుండి ఏం చేస్తున్నట్టు?"

నవ్వేశాను గానీ, ఎక్కడో కొంచెం గుచ్చుకుంది. నిజం చెప్పాలంటే ఆవిడ అడిగినదాంట్లో తప్పేం లేదు. ఇప్పుడు మన దగ్గర 20 లక్షల కారులో వచ్చే సోకులు ఇక్కడ కావాలంటే చాలా కార్లలో పై ట్రిమ్‌కి, అంటే అదే కారులో ఖరీదైన రకానికి వెళ్ళాలి. మాది 2014 మోడల్ సెడాన్. 1,40,000 మైళ్ళు తిరిగింది, అంటే మన లెక్కలో 2 లక్షల 25 వేల కిలోమీటర్లు. టైర్లు, బ్రేకులు, ఆయిల్, ఎండకి చచ్చిపోయే బ్యాటరీలు తప్ప పెద్ద ఖర్చేమీ పెట్టించలేదు. పిల్లలు ఎదిగి వెనక సీట్లో మోకాళ్ళు అడ్డం వస్తున్నాయి కాబట్టి మారుస్తున్నాం గానీ, లేకపోతే దీన్ని వదిలేదాన్ని కాదు.

సరే, పనిలోకి వద్దాం. ఈ స్టికర్ దగ్గరికి కెమెరా తెస్తాను. దీన్ని మన్రోనీ స్టికర్ అంటారు. ఓక్లహామా సెనేటర్ మైక్ మన్రోనీ తెచ్చిన 1958 నాటి చట్టం పుణ్యమా అని ప్రతి కొత్త కారు అద్దానికీ ఇది ఉండాల్సిందే, కొన్నవాళ్ళు తప్ప ఇంకెవరూ పీకకూడదు. అసలు ధర, ఒక్కో ఆప్షన్‌కి ఎంత, ఫ్యాక్టరీ నుంచి ఇక్కడికి తెచ్చినందుకు ఎంత, మైలేజీ ఎంత, ఎక్కడ బిగించారు, అన్నీ రాసుంటాయి. ఇవి రెండూ ఒకే కారు, ఒకే ఇంజిను. దీని మీద 33 వేల చిల్లర, పక్కదాని మీద 41 వేల చిల్లర. డాలరుకి 90 వేసుకుందాం, నోటిలెక్కకి తేలిక. తేడా 8 వేల డాలర్లు, అంటే 7 లక్షల 20 వేలు. మన దగ్గర ఆ డబ్బుకి ఒక స్విఫ్ట్ ఇంటికొస్తుంది. దాని మీద ఇక్కడ 6.25 శాతం సేల్స్ ట్యాక్స్ కూడా కట్టాలి, అదో 45 వేలు. ఇంతా పోసి కొనేది పెద్ద స్క్రీన్, పైన అద్దం, చల్లసీట్లు, మంచి స్పీకర్లు. ఇంజినులో చుక్క తేడా లేదు.

మా ఆయన మాత్రం ఆ పక్కదాని దగ్గరే నిలబడ్డారు. ఏవండీ, ఇటు రండి. రారు.

ఆయన వాదన ఏంటంటే, ఎలాగూ పదేళ్ళు వాడతాం, రోజూ కూర్చునేది మనమే, ఆ మాత్రం సుఖం ఉండొద్దా అని. నా వాదన కూడా ఆ పదేళ్ళ దగ్గరే మొదలవుతుంది. ఇక్కడ మామూలుగా కారు మొత్తానికి వారంటీ 3 ఏళ్ళు లేదా 36,000 మైళ్ళు. ఇంజిను, గేర్‌బాక్సుకి 5 ఏళ్ళు లేదా 60,000 మైళ్ళు. కొరియా కంపెనీలు మొదటి ఓనరుకి 10 ఏళ్ళు, లక్ష మైళ్ళు ఇస్తాయి, అదీ ఇంజిను, గేర్‌బాక్సుకే. స్క్రీన్, కెమెరాలు, సీటు లోపలి ఫ్యాన్లు ఎందులోకి వస్తాయి? ఆ మూడేళ్ళ లెక్కలోకి. 2024లో అమెరికా రోడ్ల మీద కార్ల సగటు వయసు 12.6 ఏళ్ళు. మూడేళ్ళకి లీజు తీసుకుని తిరిగిచ్చేసేవాళ్ళకి ఏ ఫీచరైనా ముద్దే. నాలుగో ఏడు నుంచి బిల్లు కట్టేది మనలాంటి వాళ్ళం.

ఈ ఎర్ర బటన్ చూడండి, ఇది మా పాత కారులోది, ఇంటి దగ్గర తీసిన క్లిప్. కొత్తలో ఇదే పెద్ద ఫీచరు. ఆపద వస్తే నొక్కితే కాల్ సెంటర్ వాళ్ళు మాట్లాడతారు, ఫోన్‌లోంచి కారు లాక్ తీయొచ్చు. 2022లో ఇక్కడి ఫోన్ కంపెనీలు 3జీ నెట్‌వర్క్ మూసేశాయి. ఈ బటన్ పనిచేసేది దాని మీదే. అంతే, ఆ రోజుతో ఇది ఉత్త బటన్. ఇంజిను ఎప్పటిలాగే తిరుగుతోంది, డోర్లు బిగుతుగా పడుతున్నాయి. మా చిన్నది ఇప్పటికీ కారెక్కగానే దీన్ని ఒకసారి నొక్కుతుంది, చుట్టూ ఉన్న పెయింటు కూడా అరిగింది.

కెమెరా ఉన్న ముందు అద్దం సంగతి కూడా చెప్పాలి. హైవేల మీద ట్రక్కుల టైర్ల నుంచి రాళ్ళు ఎగిరి అద్దం పగలడం ఇక్కడ మామూలే. మా పాత కారుకి మార్పిస్తే 350 డాలర్లు అయింది, 31,500 రూపాయలు. మా ఫ్రెండ్ వాళ్ళ కారుకి 1,100, అంటే 99 వేలు. అద్దం అద్దమే, కానీ దాని వెనక లేన్ చూసే కెమెరా ఉంది కదా, అద్దం మారిస్తే దాన్ని మళ్ళీ కొలతపెట్టి సరిచూడాలి. హెడ్‌లైట్లయితే ఇంకా ఘోరం. మలుపుతో పాటు తిరిగే కొత్తరకం లైట్లలో చాలావాటికి బల్బు మార్చడం అనేది లేదు, మొత్తం డబ్బా మార్చాల్సిందే.

ఇంక సన్‌రూఫ్. అత్తయ్యా, జాగ్రత్తగా వినండి. ఉత్తర టెక్సస్‌లో వసంతం వచ్చిందంటే వడగళ్ళు. మన ఊళ్ళో పడితే పిల్లలు ఏరుకుని తినేవి కావు, నిమ్మకాయంత ఉంటాయి. ఒక ఏడాది మా వీధిలో వడగళ్ళు పడితే, సగం కార్ల టాపులు సొట్టలు పడి, ఇన్సూరెన్స్ వాళ్ళు ఇంటింటికీ తిరిగారు. ఎదురింటివాళ్ళ కారు పైన అద్దం పోయి, సీట్ల మీద గాజుముక్కలు. పిడుగులు, వడగళ్ళు అయిపోయాక ఎండ. వేసవిలో ఆ అద్దం కిందున్న తెర మూసే ఉంచుతారు అందరూ. అదీకాక ఆ అద్దం చుట్టూ నీళ్ళు పోవడానికి సన్న గొట్టాలుంటాయి. వాటిలో ఆకులు, దుమ్ము పేరుకుంటే నీళ్ళు లోపలికొస్తాయి. రేకు టాపుకి ఈ బాధ లేదు.

ఈ అద్దంలోంచి లోపలికి చూపిస్తాను, మెరుపు వల్ల సరిగ్గా కనబడకపోవచ్చు. గేరు చుట్టూ నల్లగా నిగనిగలాడుతోందే, పియానో బ్లాక్ అంటారు. ఇంకా అమ్ముడుపోని కారు, అప్పుడే వేలిముద్రలు, సన్న గీతలు. పక్కనున్న కింది ట్రిమ్‌లో అదే చోట గరుకు ప్లాస్టిక్. చూడ్డానికి చప్పగా ఉంటుంది, కానీ పదేళ్ళయినా అలాగే ఉంటుంది. ఏసీకి గుండ్రటి నాబ్‌లు కూడా ఈ కిందిదాంట్లోనే ఉన్నాయి. పైదాంట్లో ఫ్యాన్ తగ్గించాలన్నా స్క్రీన్‌లో వెతుక్కోవాలి. యూరప్‌లో కార్లకి భద్రతా స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ వాళ్ళు 2026 నుంచి ఇండికేటర్లు, వైపర్లు, హారన్ లాంటివాటికి విడిగా బటన్లు ఉంటేనే పూర్తి మార్కులంటున్నారు. నా గోల వినేవాళ్ళు అక్కడైనా ఉన్నారు.

మూడేళ్ళు వాడిన కార్ల మీద జె.డి. పవర్ వాళ్ళు ఏటా చేసే సర్వేలో ఎక్కువ ఫిర్యాదులు వచ్చేది స్క్రీన్, ఫోన్ కనెక్షన్, వాయిస్ కమాండ్ల మీదే. ఇంజిన్ల మీద కాదు.

అలాగని ఏ కొత్త టెక్నాలజీనీ నమ్మనని కాదు. హైబ్రిడ్ చూడండి. ఇంజినుకి తోడు మోటార్లు, బ్యాటరీ, ఇన్ని ఉన్నాయి కాబట్టి పాడయ్యేవీ ఎక్కువే అనిపిస్తుంది. కానీ 2023లో కన్స్యూమర్ రిపోర్ట్స్ సర్వేలో మామూలు పెట్రోల్ కార్ల కంటే హైబ్రిడ్లకి 26 శాతం తక్కువ సమస్యలు వచ్చాయి. టొయోటా పద్ధతి హైబ్రిడ్‌లో విడిగా స్టార్టర్ ఉండదు, ఆల్టర్నేటర్ ఉండదు, జారిపోయే బెల్టు ఉన్న సీవీటీ రకం గేర్‌బాక్సు కాదు, గేర్లు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. బ్రేకు నొక్కినప్పుడు సగం పని మోటారే చేస్తుంది కాబట్టి ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. బ్యాటరీకి 2020 మోడల్ నుంచి 10 ఏళ్ళు లేదా 1,50,000 మైళ్ళ వారంటీ ఉంది. ఇదైతే నేను డబ్బు పెడతాను. పక్క లేన్‌లో బండి ఉంటే అద్దంలో లైటు వెలిగే బ్లైండ్ స్పాట్‌కీ పెడతాను. అది పాడైనా కారు ఆగదు, మెడ తిప్పి చూసుకుంటాను.

నాకు ఈ ఆగడం అనే మాట మీద ఎందుకంత పట్టింపో చెప్తాను. మేముండే డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో సిటీ బస్సు లేదు, రైలు రాదు. మా నాన్న కారు ఆగిపోతే ఫోన్ చేసిన పావుగంటలో మెకానిక్ స్కూటర్ మీద వచ్చేవాడు, టీ తాగి, బోనెట్ ఎత్తి, ఏదో కెలికి, రెండొందలు తీసుకునేవాడు. ఇక్కడ మా ఆయన ఊళ్ళో లేనప్పుడు, పిల్లలతో టోల్‌వే పక్కన కారు ఆపుకోవాల్సి వస్తే ఎవరికి ఫోన్ చేయాలి అని కాంటాక్ట్స్ చూసుకుంటే అందరూ ఉన్నారు గానీ, ఆ సమయంలో వచ్చేవాళ్ళు గుర్తుకురారు. టో ట్రక్కు వస్తుంది, డబ్బు తీసుకుంటుంది, వెళ్ళిపోతుంది. అందుకే సీటు చల్లగా లేకపోయినా సర్దుకుపోతాను.

అయ్యో, మా పెద్దోడు ఎటో వెళ్ళాడు. ఆగండి... ఇక్కడున్నాడు, అద్దాల మూలన ఛాసిస్ నంబర్లు చదువుతున్నాడు. మొదటి అక్షరం జె అయితే జపాన్, కె అయితే కొరియా, 1, 4, 5 అయితే అమెరికా, 3 అయితే మెక్సికో. జపాన్‌వి ఎన్నో అమెరికావి ఎన్నో లెక్కేస్తున్నాడు. జపాన్ పేరున్న కార్లలో చాలావరకు 4, 5 తోనే మొదలవుతున్నాయని వాడికి కోపం, మోసం అంటున్నాడు. మోసం కాదు నాన్నా, ఇక్కడే బిగిస్తారు.

ఎండ దంచేస్తోంది, ఇంక వెళ్ళాలి. నాకు కింది ట్రిమ్ హైబ్రిడ్ నచ్చింది. మా ఆయన మధ్య ట్రిమ్ అంటున్నారు, స్పీకర్ల కోసం. రంగు దగ్గర మాత్రం ఇద్దరం తెలుపే, ఈ ఎండకి ఇంకోటి అనవసరం. టెస్ట్ డ్రైవ్‌కి ఆయన ఫోన్ కనెక్ట్ చేసి పాటలు పెడతారు, అది తెలుసు. నేను పాటలు ఆపించి, సిమెంటు అతుకులు ఎక్కువున్న రోడ్డు మీదికి పోనిస్తాను, తిరుగుదారిలో వెనక సీట్లో కూర్చుంటాను. శనివారం రద్దీలో నా వల్ల కాదు, మధ్యవారం వెళ్దామంటే ఆయనకి ఆఫీసులో సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంది, గురువారం దాకా మాటే వినబడదు. కాబట్టి టెస్ట్ డ్రైవ్ వీడియో శుక్రవారం రాత్రికి. సన్‌రూఫ్ లేదని అత్తయ్యకి ఈలోపు ఆయనే చెప్తారట.