గుమ్మి అడుగున ఎన్ని గింజలు?

(బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవారి సమావేశంలో, హనుమకొండలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న డాక్టర్లకు, డైటీషియన్ మేడమ్‌కు, జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన అక్కలకు, అన్నలకు నమస్కారం. మీతో వచ్చిన ఇంటివాళ్లకు ఇంకో నమస్కారం. ఆపరేషన్ మన ఒక్కరికే జరుగుతుంది. ఆ తర్వాత వేరే వంట వండటం, పత్యం చూడటం, చుట్టాల మాటలు పడటం ఇంటిల్లిపాదీ చేస్తారు.

'ఆపరేషన్ తర్వాత నా కొత్త జీవితం' అని పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు. పాత ఫొటో, కొత్త ఫొటో తెర మీద చూశారు. 112 కిలోల నుంచి 71కి వచ్చాను. షుగర్ మాత్రలు ఆగిపోయాయి. 2019 సెప్టెంబర్‌లో బైపాస్, అంటే పొట్టను చిన్నది చేసి పేగుకు కొత్త దారి వేసే ఆపరేషన్, చేయించుకున్నందుకు ఒక్క రోజు కూడా బాధపడలేదు. కొత్త జీవితం గురించి నేను చెప్పేది ఇంతే. మిగతా సమయమంతా ఈ కాగితానికి ఇస్తాను. వెనక కూర్చున్నవాళ్లకు కనిపించదు, నేనే చదువుతాను.

ఇది 2021 ఆగస్టులో చేయించిన రక్తపరీక్ష రిపోర్టు. హిమోగ్లోబిన్ 12.1. పక్కన ఆడవాళ్లకు 12 నుంచి 15 ఉండాలని అచ్చు వేసి ఉంది. అంకె లావుగా లేదు, పక్కన చుక్క లేదు. కింద నీలం పెన్నుతో 'నార్మల్' అని రాసి టిక్కు పెట్టారు. ఆ టిక్కు తోక కాగితం అంచుదాకా సాగింది. 'రిపోర్టు బాగుంది మేడమ్, టెన్షన్ పడకండి' అన్నారు. నేనూ పడలేదు. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

అప్పటికి నా పరిస్థితి చెప్తాను. మా ఆఫీసు రెండో అంతస్తులో ఉంటుంది. 112 కిలోలున్నప్పుడు ఆ మెట్లు ఎలా ఎక్కానో, 74 కిలోలున్నప్పుడూ అలాగే ఎక్కుతున్నాను. మధ్యలో గోడ పట్టుకుని ఆగాలి. గుండె దడదడ కొట్టుకునేది. రాత్రి పడుకుంటే కాళ్లు ఊరుకునేవి కావు, ఎవరో లోపలి నుంచి లాగుతున్నట్టు ఉండేది, లేచి తిరిగితే గానీ తగ్గేది కాదు. దువ్వెన నిండా జుట్టు. ఫ్రిజ్‌లో ఐసు గడ్డలు కొరకడం మొదలైంది. ఎండాకాలం కదా అనుకున్నాను. డిసెంబర్ వచ్చినా మానలేదు.

ఆ తర్వాత బియ్యం. ఇది ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, ఇవాళ చెప్పాలనే వచ్చాను. రాత్రి అందరూ పడుకున్నాక వంటింట్లోకి వెళ్లి, లైటు వేయకుండా, బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి పిడికెడు పచ్చి బియ్యం తీసి నమిలేదాన్ని. ఆ వాసన, పంటి కింద ఆ పటపట లేకపోతే నిద్ర పట్టేది కాదు. ఒకరాత్రి మా అమ్మాయి మంచినీళ్ల కోసం వచ్చింది. 'అమ్మా, ఏంటా చప్పుడు?' అంది. అప్పుడు దానికి పన్నెండేళ్లు. చేతిలో బియ్యం వెనక్కి దాచుకున్నాను. కూతురి ముందు దొంగలా నిలబడ్డాను, ఆ చీకట్లో. కడుపుతో ఉన్నవాళ్లు మట్టి తింటారని, చిన్నపిల్లలు బలపాలు తింటారని మనకు తెలుసు. నలభై రెండేళ్ల మనిషి తింటే ఏమంటారోనని సిగ్గు. ఆ సిగ్గు వల్లే ఏ డాక్టర్‌కూ చెప్పలేదు.

మా చుట్టాలకైతే కారణం ముందే తెలుసు. 'పేగులు కోయించుకుంటే ఇంతే, నీరసం ఉండదా?' ఆఫీసులో 'సన్నబడ్డారు కదా' అన్నారు. అడిగినచోట 'వయసు మేడమ్' అన్నారు. నీలం పెన్నుతో నార్మల్ అని రాసి ఉన్నాక నేను ఎవరితో వాదించాలి?

2022 మార్చిలో ఒక డాక్టరమ్మ దగ్గరికి దగ్గు కోసం వెళ్లాను. ఆమె నా గోళ్లు చూశారు. కింది రెప్ప లాగి చూశారు. తలెత్తకుండానే అడిగారు: 'బియ్యం తింటున్నారా? ఐసా?' అక్కడే ఏడ్చేశాను. నా జీవితంలో ఒక ప్రశ్నకు అంతగా ఏడ్చింది అదొక్కటే.

ఆమె రాయించిన పరీక్ష ఈ రెండో కాగితం. హిమోగ్లోబిన్ 11.4. దాని కింద నేను అప్పటిదాకా చూడని పేరు, ఫెరిటిన్. ఎంతో తెలుసా? 6.

ఫెరిటిన్ అంటే ఒంట్లో నిల్వ ఉన్న ఇనుము లెక్క అని ఆమె చెప్పారు. నాకు మాత్రం మా నాయనమ్మ గుర్తొచ్చింది. పరకాల దగ్గర మా ఊళ్లో వడ్లు పోసుకునే వెదురు గుమ్మి ఉండేది, లోపల మట్టి, పేడ కలిపి అలికింది. పొయ్యి మీద అన్నం రోజూ ఉడికేది. పిల్లలం మేం కుండ చూసి ఇంట్లో అన్నీ ఉన్నాయనుకునేవాళ్లం. నాయనమ్మ కుండ చూసేది కాదు. ఎండాకాలం మొదట్లో పీట ఎక్కి, నడుం దాకా గుమ్మిలోకి వంగి, చెయ్యి పెట్టి చూసేది. గోళ్లకు అడుగున మట్టి తగిలిందంటే ఆ రాత్రే తాతతో మాట. ఇంకా కుండలో అన్నం ఉంది, అందరం కడుపునిండా తింటున్నాం, అయినా ఆ రాత్రే.

హిమోగ్లోబిన్ కుండలో అన్నం. ఫెరిటిన్ గుమ్మిలో వడ్లు. ఒంట్లో ఇనుము తగ్గేటప్పుడు ముందు గుమ్మి ఖాళీ అవుతుంది, అన్నం మాత్రం ఉడుకుతూనే ఉంటుంది. హిమోగ్లోబిన్ 12 కింద పడేసరికి గుమ్మి ఎప్పుడో అడుగంటి ఉంటుంది. పెద్దవాళ్లలో ఫెరిటిన్ 15 కంటే తక్కువుంటే ఇనుము లోపమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. చాలామంది డాక్టర్లు 30 కింద ఉన్నా ఊరుకోరు. నాకు 6.

ఇక్కడ ఇంకో మోసం ఉంది, వినండి. కొన్ని ల్యాబులు ఆడవాళ్లకు ఫెరిటిన్ 10 నుంచి, 13 నుంచి నార్మల్ అని అచ్చు వేస్తాయి. కాబట్టి 14 వచ్చినా చుక్క పడదు. చుక్క లేదని కాగితం మడిచి పెట్టకండి. అంకె చదవండి.

ఇదే మనకెందుకు వస్తుందంటే, తిన్న ఇనుము ఎక్కువగా ఒంటికి పట్టేది చిన్నపేగు మొదట్లో, డియోడినమ్‌లో, దాని తర్వాత కొంత దూరం. బైపాస్‌లో అన్నం ఆ దారిన పోదు. కింది నుంచి కొత్త దారి వేశారు కదా. పొట్టను మాత్రమే కోసి చిన్నది చేసే స్లీవ్ ఆపరేషన్ చేయించుకున్నవాళ్లు 'మా పేగు జోలికి పోలేదు' అనుకుంటారు. మీకు పొట్టలో నూటికి 75, 80 వంతులు తీసేశారు. ఇనుము కరిగి పేగుకు పట్టే రూపంలోకి రావాలంటే పొట్టలో ఆమ్లం కావాలి. ఆ ఆమ్లం తగ్గింది, పైగా గ్యాస్ మాత్ర రోజూ వేస్తున్నారు. ఆడవాళ్లకు ఇంకొకటి. పీసీఓడీ అనే అండాశయాల సమస్యతో నెలలు నెలలు రాని నెలసరి, బరువు తగ్గాక క్రమంగా వస్తుంది. నాకూ అలాగే వచ్చింది, సంతోషపడ్డాను. నెలనెలా గుమ్మిలోంచి ఒక తట్ట ఎత్తిపోస్తున్నానని తెలియలేదు.

మా అమ్మ విషయం చెప్పాలి. నీరసమనగానే గోంగూర, తోటకూర, నువ్వులుండలు డబ్బాల నిండా తెచ్చేది. తినండి, మంచివే. కానీ ఆకుకూరలో ఇనుము మామూలు పేగుకే తక్కువ పడుతుంది, మనకు ఇంకా తక్కువ. ఖాళీ అయిన గుమ్మి కూరతో నిండదు. మా అమ్మ తన చేతి వంట సరిపోలేదని బాధపడింది. లోపం వంటలో లేదమ్మా, దారిలో ఉంది.

డైటీషియన్ మేడమ్ గడియారం చూపిస్తున్నారు. ఫొటోల గురించి ఇంకో మూడు కాగితాలు రాసుకొచ్చాను, వాటిని పక్కన పెట్టేస్తున్నాను. ఇంకో ఐదు నిమిషాలు ఇవ్వండి మేడమ్, రిపోర్టు చదవడమైనా పూర్తి చేస్తాను.

నా రెండో కాగితంలో సీరం ఐరన్, అంటే రక్తంలో ఉన్న ఇనుము, 28. టీఐబీసీ 448. ఇనుము మోసే బండ్లు ఎన్ని ఉన్నాయో టీఐబీసీ చెబుతుంది. ఇనుము తగ్గేకొద్దీ ఒళ్లు బండ్లను పెంచుతుంది, అందుకే ఆ అంకె పెరుగుతుంది. 28ని 448తో భాగించి నూటితో గుణిస్తే 6 చిల్లర. అంటే వంద బండ్లకు ఆరింటిలోనే సరుకుంది. దాన్ని సాచురేషన్ అంటారు, 20 కంటే తక్కువైతే అడగాల్సిందే. సీరం ఐరన్ ఒక్కదాన్నే నమ్మకండి. పొద్దునకు, సాయంత్రానికి మారుతుంది. మాత్ర వేసుకుని వెళ్లి రక్తమిస్తే ఎక్కువ చూపిస్తుంది.

ఎంసీవీ అంటే ఎర్రకణం సైజు. ఇనుము తగ్గితే కణం చిన్నదై 80 కిందికి వస్తుంది. నాకు 83, నార్మలే. ఎందుకంటే బీ12 విటమిన్ కూడా తక్కువుంది. బీ12 తగ్గితే కణం పెద్దదవుతుంది. చిన్నవి, పెద్దవి కలిసి సగటు నార్మల్ అయింది. ఆర్‌డీడబ్ల్యూ అనే అంకె 17.8 ఉంది, కణాలు ఒక్క సైజులో లేవని అది చెబుతూనే ఉంది. అడిగినవాళ్లు లేరు.

ఫెరిటిన్ కూడా ఒక్కోసారి అబద్ధం ఆడుతుంది. జ్వరం, ఇన్ఫెక్షన్, ఒంట్లో వాపు ఉంటే అది పెరుగుతుంది. మన గ్రూపులోనే ఒకమ్మాయికి వైరల్ జ్వరం తగ్గిన వారానికే చేస్తే 64 వచ్చింది, ఇంట్లో అందరూ సంతోషించారు. సాచురేషన్ చూస్తే 11. అందుకే పక్కన సీఆర్‌పీ, అంటే ఒంట్లో వాపు ఉందో లేదో చెప్పే పరీక్ష, కూడా చేయించమంటారు. వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ 70 కింద ఉన్నా అనుమానించాల్సిందేనని అదే ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట.

నాకు మాత్రలతో లాభం లేదని సెలైన్‌లో ఇనుము ఎక్కించారు, వారం తేడాతో రెండుసార్లు. పది రోజులకు ఒక రాత్రి వంటింట్లోకి వెళ్లి, డబ్బా మూత తీసి, చెయ్యి పెట్టబోయి ఆగిపోయాను. వద్దనిపించింది. బియ్యం బియ్యంలాగే ఉన్నాయి, అంతే. మెట్లు ఆగకుండా ఎక్కడానికి ఇంకో నెల పట్టింది. ఎక్కించుకున్న వెంటనే ఫెరిటిన్ చేయించకండి, ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఆగమన్నారు.

ఇప్పుడు రోజూ మాత్ర వేసుకుంటాను. మనలాంటివాళ్లకు రోజుకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము కావాలని అమెరికాలో ఈ సర్జరీలు చేసే డాక్టర్ల సంఘం లెక్క. అసలు ఇనుము ఎంతో డబ్బా వెనక చూసుకోవాలి, ముందు రాసిన పెద్ద అంకె కాదు. కాల్షియం మాత్రతో కలిపి వేయకూడదు, రెండు గంటలు తేడా ఉండాలి. టీతో అసలే వద్దు. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఆ డబ్బా అందకుండా పెట్టండి, పిల్లలకు అది విషం. ఎవరికి ఎంత అనేది మీ డాక్టరే చెప్పాలి, నేను కాదు. మాత్రలు వేసుకుంటున్నా ఫెరిటిన్ దిగుతోందంటే లోపల ఎక్కడైనా, కుట్టు దగ్గర పుండుతో, రక్తం పోతోందేమో చూడమని అడగండి. నొప్పి మాత్రలు సొంతంగా మింగకండి.

ఆ మొదటి కాగితం రాసినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపముంది. దాచుకోను. ఆపరేషన్‌కు ముందు నా హిమోగ్లోబిన్ 13.6. ఆరు నెలలకు 12.9. తర్వాత 12.1. మూడూ నార్మలే. మూడు కాగితాలు పక్కపక్కన పెడితే మెట్లు దిగుతున్నట్టు కనిపించేది. ఎవరూ పక్కపక్కన పెట్టలేదు. 2020లో లాక్‌డౌన్‌లో నేనూ పరీక్షకు పోలేదు, అది నా తప్పు. మొదటి ఏడాది మూడు నుంచి ఆరు నెలలకోసారి, ఆ తర్వాత బతికినన్నాళ్లు ఏడాదికోసారి చేయించాలని అప్పటికి నాకు తెలియదు.

మీ ఫోన్లలో రిపోర్టులు ఉంటాయి కదా? ఇప్పుడే తీయండి. అవును, ఇప్పుడే. మీటింగ్ ఆగితే ఆగనివ్వండి. ఇంటివాళ్లు సాయం చేయండి. హిమోగ్లోబిన్ దాటి కిందికి రండి. ఫెరిటిన్ అనే పేరు ఉందా?

మూడో వరుసలో ఆకుపచ్చ చీర అక్కా, చెయ్యి ఎత్తారు. ఎంతుంది? గట్టిగా చెప్పండి... లేదా? ఆ పేరే లేదా? పక్కన అన్నకు కూడా లేదు. వెనక? చేతులు దించకండి, నేను లెక్కపెట్టుకుంటున్నాను.

డాక్టర్ గారూ, దయచేసి చూడండి, ఇన్ని చేతులు. భోజనాలకు ముందే వీళ్లకు పరీక్ష చీటీలు రాయించండి. అక్కా, మీరు అక్కడే కూర్చోండి. మెట్లు ఎక్కొద్దు, నేనే కిందికి వస్తున్నాను.