ఒక్క ప్రొజెక్టర్, మూడు బాక్సులు, నాన్న పాత ఆంప్లిఫయర్: ఆడియో బయటికిచ్చే హెచ్‌డీఎంఐ స్విచ్ రివ్యూ

నమస్తే అండీ. ముందు ఈ గది చూపిస్తాను. గది చూస్తేనే ఈ డబ్బా ఎందుకు కొన్నానో తెలుస్తుంది.

పైన సీలింగ్‌కి వేలాడుతున్నది ప్రొజెక్టర్. ఎదురుగా గోడకి తెల్ల స్క్రీన్. స్క్రీన్ కింద బల్ల మీద సెట్‌టాప్ బాక్స్, ఫైర్ టీవీ స్టిక్, మా తమ్ముడి ప్లేస్టేషన్ 5. వాటి పక్కన, ఇదిగోండి, మా నాన్న ఆంప్లిఫయర్. కంపెనీది కాదు. 1990ల్లో ఊళ్లో రేడియో రిపేర్ షాపులో పక్కన కూర్చుని మరీ చేయించుకున్నది. వెనకాల ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను పెట్టుకునే చోటు తప్ప ఇంకేమీ లేదు. సౌండ్ బాక్సులు రెండూ చెక్కవి, ఒక్కోటి ఎత్తాలంటే ఇద్దరు కావాలి. వాటిని తీసేద్దామంటే ముందు నన్ను తీసేస్తారు ఇంట్లోంచి.

ఇప్పుడు గొడవేంటంటే, ప్రొజెక్టర్‌కి హెచ్‌డీఎంఐ పోర్ట్ ఒక్కటే ఉంది. మ్యాచ్ చూడాలంటే స్టూలెక్కి స్టిక్ పీకి సెట్‌టాప్ బాక్స్ వైరు పెట్టాలి. తమ్ముడు గేమ్ ఆడాలంటే మళ్లీ స్టూల్. ఇక ప్రొజెక్టర్ లోపలి స్పీకర్ సంగతి, ఫోన్ స్పీకరే నయం. దానికి ఆడియో ఔట్ ఉంది, లేదని కాదు. కానీ అది సీలింగ్ దగ్గర ఉంది. సౌండ్ బాక్సులేమో కింద ఉన్నాయి. బల్ల మీద పుట్టిన సౌండు పైకెళ్లి, గోడ వెంట పది మీటర్ల వైరులో మళ్లీ బల్ల దగ్గరికే దిగి రావాలి. అంత వైరు లాగి చూశాను కూడా. సౌండ్‌తో పాటు గుయ్య్ మని ఒక మోత ఉచితంగా వచ్చింది.

అందుకే ఈ డబ్బా. మూడు హెచ్‌డీఎంఐలు లోపలికి, ఒకటి బయటికి. బొమ్మ ప్రొజెక్టర్‌కి వెళ్తుంది, సౌండుని ఇక్కడే, కిందే, తీసి చేతిలో పెడుతుంది. 2,200 రూపాయలు పెట్టి నేనే కొన్నాను, ఎవరూ పంపలేదు. బ్రాండ్ పేరు చెప్పడం లేదు, ఎందుకంటే ఇదే డబ్బా, ఇవే బటన్లు, నాలుగు రకాల పేర్లతో అమ్ముతున్నారు. పేరు కంటే మీరు చూడాల్సినవి వేరే ఉన్నాయి.

దగ్గరగా చూపిస్తాను. వెనకవైపు వరసగా ఒకటి, రెండు, మూడు అని ఇన్‌పుట్లు. పక్కన ఔట్‌పుట్. ఈ చివర 5 వోల్టుల అడాప్టర్ పెట్టే చోటు. ముందువైపు ఇయర్‌ఫోన్ పిన్ను పట్టే 3.5 ఎంఎం జాక్, దాని పక్కన నలుచదరంగా చిన్న తలుపున్న రంధ్రం, అదే ఆప్టికల్. ఇంకా ఇక్కడ, గోరు పట్టేంత బుల్లి స్లైడర్ ఒకటుంది. పాస్, 2 చానెల్, 5.1 అని రాసుంది. 2 చానెల్ అంటే కుడి, ఎడమ రెండే. 5.1 అంటే చుట్టూ ఐదు స్పీకర్లు, ఒక ఊఫర్. డబ్బాతో వచ్చిన కాగితంలో దీని గురించి రెండే లైన్లు రాశారు. నా మూడు రోజులు తినేసింది మాత్రం ఇదే.

మొదటి రోజు అన్నీ పెట్టాను. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. సెట్‌టాప్ బాక్స్‌లో న్యూస్ చానెల్ పెట్టాను, సౌండ్ వచ్చింది. స్టిక్‌కి మార్చి సినిమా పెట్టాను, సౌండ్ లేదు. ఆంప్లిఫయర్ వాల్యూమ్ మొత్తం తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. నాన్న తలుపు దగ్గర నిలబడి, "ఏరా, నా ఆంప్లిఫయర్ కాల్చేశావా?" అన్నారు. కాల్చలేదు నాన్నా, అది అసలు ఆ భాషే వినలేదు.

ఏం జరుగుతుందో చెప్తాను. హెచ్‌డీఎంఐ వైరు పెట్టగానే స్టిక్ అవతలి వాళ్లని అడుగుతుంది, నువ్వు ఏమేం చూపించగలవు, ఏ సౌండ్ వినిపించగలవు అని. దానికి అవతలి నుంచి వచ్చే జవాబు పేరే ఈడీఐడీ. మధ్యలో కూర్చున్న మన డబ్బా ఆ జవాబుని మార్చి చెప్పగలదు. స్లైడర్ 5.1 మీద ఉంటే, "నాకు డాల్బీ కూడా తెలుసు, పంపించెయ్" అంటుంది. స్టిక్ నమ్మేసి డాల్బీ డిజిటల్ పంపుతుంది. అది సౌండ్ కాదండీ, మూటకట్టిన సౌండ్. మూట విప్పే పని డబ్బాకి రాదు, హోమ్ థియేటర్‌కో ఏవీ రిసీవర్‌కో వస్తుంది. ఆప్టికల్ లోంచి మూటని మూటలాగే పంపేస్తుంది. 3.5 జాక్ దగ్గర మాత్రం చేతులెత్తేస్తుంది. కొన్ని డబ్బాల్లో నిశ్శబ్దం, కొన్నిట్లో బర్ర్ మని చప్పుడు.

ఇప్పుడు వినండి. సినిమా నడుస్తోంది, 5.1 మీద ఉంది, ఏమీ లేదు కదా? స్లైడర్‌ని 2 చానెల్ మీదికి జరుపుతున్నాను. స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడింది, అంటే మళ్లీ మాట్లాడుకుంటున్నాయి. అదిగో! విన్నారా ఆ ఊఫర్? ముప్పై ఏళ్ల నాటి బాక్సులండీ అవి.

జరిపినా రాకపోతే స్టిక్‌లోనే మార్చాలి. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే అండ్ సౌండ్స్, ఆడియో, అక్కడ సరౌండ్ సౌండ్ దగ్గర పీసీఎం (అంటే మూటకట్టని డిజిటల్ సౌండ్) అనో స్టీరియో అనో కనిపించేది పెట్టండి. ప్లేస్టేషన్ 5లో సౌండ్, ఆడియో ఔట్‌పుట్‌లోకెళ్లి ఆడియో ఫార్మాట్‌ని లీనియర్ పీసీఎం చేయండి. సెట్‌టాప్ బాక్సుల్లో కూడా ఎక్కడో ఒకచోట డాల్బీ, పీసీఎం, స్టీరియో అనే మాటలు ఉంటాయి, వెతకండి. మామూలు చానెళ్లలో సౌండ్ వచ్చి, కొన్ని హెచ్‌డీ చానెళ్లలో మాత్రం పోతోందంటే అనుమానమే అక్కర్లేదు, ఆ చానెల్ డాల్బీలో వస్తోందన్నమాట.

ఎవరింట్లో అయినా ఆప్టికల్ ఉన్న 5.1 హోమ్ థియేటర్ ఉంటే వాళ్లది సరిగ్గా దీనికి తిరగేసిన కథ. వాళ్లు పాస్ మీద, అంటే జవాబుని మార్చకుండా పంపే చోట పెడితే, ప్రొజెక్టరో మానిటరో "నాకు రెండు చానెళ్లే తెలుసు" అని నిజం చెప్పేస్తుంది. వెనక స్పీకర్లు బొమ్మల్లా కూర్చుంటాయి. వాళ్లు 5.1 మీదే పెట్టుకోవాలి. ఆప్టికల్‌లో డాల్బీ డిజిటల్, డీటీఎస్ వరకూ వెళ్తాయి. డాల్బీ డిజిటల్ ప్లస్ వెళ్లదు. పైనుంచి కూడా సౌండ్ వినిపించే డాల్బీ అట్మాస్ కావాలనుకుంటే ఈ డబ్బా వైపు చూడనే వద్దు.

ఆప్టికల్ అన్నాను కాబట్టి ఒక్క మాట. కొత్త కేబుల్ రెండు చివర్లకీ ఇలా పారదర్శకంగా బుల్లి ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. కనపడదు. తీయకుండా నొక్కితే లోపలికి సరిగ్గా కూర్చోదు, సౌండ్ రాదు, డబ్బా పాడైందని వెనక్కి పంపేస్తారు. తొడుగు తీసి ఒక చివర డబ్బాకి పెట్టి, రెండో చివర అరచేతి మీద పెట్టి చూడండి. ఎర్రగా వెలుగు చుక్క కనిపించిందా, డబ్బా తన పని చేస్తోందన్నమాట.

నేను కూడా చివరికి ఆప్టికల్‌కే మారాను. 3.5 జాక్ నుంచి ఆర్‌సీఏ, అంటే ఆ ఎర్ర, తెల్ల పిన్నులతో నేరుగా ఆంప్లిఫయర్‌కి పెడితే సౌండ్ బాగానే ఉంది కానీ, ఆ గుయ్య్ మోత కొంచెం మిగిలిపోయింది. మేడ మీద డిష్ నుంచి వచ్చే వైరు, ప్రొజెక్టర్ త్రీపిన్, ఆంప్లిఫయర్ త్రీపిన్, అన్నీ ఈ రాగి తీగల్లో కలిసిపోయి, వాటి ఎర్త్‌ల మధ్య కరెంటు చుట్టూ తిరుగుతోంది. ఆ మోత దానిదే. నిజమో కాదో చూద్దామని సెట్‌టాప్ బాక్స్ నుంచి డిష్ వైరు విప్పాను, మోత టక్కున ఆగింది. ఆప్టికల్‌లో పోయేది వెలుతురు, కరెంటు కాదు. అందుకని మధ్యలో ఇదిగో, అగ్గిపెట్టంత డాక్ ఒకటి పెట్టాను, డిజిటల్ సౌండ్‌ని ఎర్ర పిన్ను తెల్ల పిన్నుల్లోకి మార్చేది. దీనికో 600 అయ్యింది. మోత పూర్తిగా పోయింది. ఈ డాక్ కూడా పీసీఎం మాత్రమే తింటుందండోయ్, స్లైడర్ 2 చానెల్ మీదే ఉండాలి.

సరే, బొమ్మ సంగతి. నాది ఫుల్ హెచ్‌డీ ప్రొజెక్టర్ కాబట్టి నాకు పెద్ద పట్టింపు లేదు. 4కె టీవీ ఉన్నవాళ్లు అట్ట మీద 4కె అనే అక్షరాలు చూసి మురిసిపోవద్దు. పక్కన 30 హెర్ట్జ్ (సెకనుకి 30 బొమ్మలు) అని ఉందా, 60 అని ఉందా చూడండి. పాత హెచ్‌డీఎంఐ 1.4కి సెకనుకి 10.2 గిగాబిట్లే హద్దు, 4కె 30 దగ్గర ఆగిపోతుంది. 60 కావాలంటే 2.0, అంటే 18 గిగాబిట్ల డబ్బా కావాలి. హెచ్‌డీసీపీ 2.2 (బొమ్మని కాపీ కొట్టకుండా వేసే తాళం) అని కూడా రాసి ఉండాలి, లేకపోతే ఓటీటీలు 4కె ఇవ్వవు. ప్లేస్టేషన్‌లో 4కె 120 ఆడేవాళ్లకి ఇది పనికిరాదు, దానికి 2.1 డబ్బా వేరే ఉంది, ధర కూడా వేరే లోకంలో ఉంది.

అడాప్టర్ విషయంలో నేనొకసారి దెబ్బతిన్నాను. దీనికంటే ముందు ఒక షాపులో 700కి అడాప్టర్ అక్కర్లేని స్విచ్ ఇచ్చారు, హెచ్‌డీఎంఐ నుంచే కరెంటు తీసుకుంటుందన్నారు. తీసుకుంటుంది, నిజమే. కానీ హెచ్‌డీఎంఐలో ఆ పిన్ను ఇస్తానని ఒప్పుకున్నది 5 వోల్టుల దగ్గర 55 మిల్లీ ఆంపియర్లు. సెట్‌టాప్ బాక్స్‌తో నడిచింది, స్టిక్‌తో పది నిమిషాలకోసారి స్క్రీన్ నల్లబడేది. చివరి ఓవర్లో నల్లబడింది ఒకసారి. ఇక చెప్పేదేముంది. వెనక్కి తీసుకోమంటే బిల్లు మీద ఏదో స్టాంపు చూపించారు. కాబట్టి అడాప్టర్ ఉన్నదే కొనండి, దాన్ని ప్లగ్గుకే పెట్టండి.

నచ్చనివి కూడా చెప్పాలి కదా. ఆటో స్విచింగ్ అని ఒకటుంది, ఏది ఆన్ చేస్తే దానికి అదే మారుతుందట. మా ఇంట్లో సెట్‌టాప్ బాక్స్‌ని రిమోట్‌తో ఆపినా నిద్రలోంచి 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. అది మేలుకునే ఉందనుకుని డబ్బా సగం సినిమాలో దానివైపు దూకింది. బటన్ మూడు సెకన్లు నొక్కితే ఆటో ఆగుతుంది, ఆపేశాను. రిమోట్ ఏటీఎం కార్డంత పల్చగా ఉంది. డబ్బాని బల్ల వెనక్కి నెట్టేస్తే దాని సిగ్నల్ అందదు, ముందువైపు కనపడేలా ఉంచాలి. అంకెలు అమ్మకి గుర్తుండటం లేదని బటన్ల మీద సీరియల్, సినిమా, గేమ్ అని స్టిక్కర్లు అంటించాను.

వాల్యూమ్ ఇంకో తలనొప్పి. మనం వినే సౌండ్ ప్రొజెక్టర్ నుంచి రావడం లేదు కాబట్టి ప్రొజెక్టర్ రిమోట్‌తో పెరగదు, తగ్గదు. లేచి వెళ్లి ఆంప్లిఫయర్ తిప్పాలి. పీసీఎంలో పెట్టాక నా సెట్‌టాప్ బాక్స్ రిమోట్ వాల్యూమ్ పనిచేస్తోంది, అది కాస్త ఊరట.

ఇంకా ఇది చూడండి, మ్యాచ్ పెట్టాను. బ్యాట్ చప్పుడు ముందు వినపడింది, బంతి తర్వాత కదిలింది. గమనించారా? సౌండ్‌ని ముందే తీసేసుకున్నాం. బొమ్మ మాత్రం పైకెళ్లి, ప్రొజెక్టర్ దానికి మెరుగులు దిద్ది, అప్పుడు స్క్రీన్ మీదికి వదులుతోంది. ప్రొజెక్టర్‌లో గేమ్ మోడ్ పెట్టి ఆ మెరుగులన్నీ ఆపేశాను. మళ్లీ చూడండి. ఇప్పుడు బ్యాటూ చప్పుడూ కలిసే ఉన్నాయి. ఏవీ రిసీవర్ ఉన్నవాళ్లకి లిప్ సింక్ అని సౌండ్‌ని ఆలస్యం చేసే సెట్టింగ్ ఉంటుంది, వాళ్లకి ఇంకా సులువు.

మరి ఎవరు కొనాలి? నాలాగా ప్రొజెక్టర్ ఉన్నవాళ్లు. స్పీకర్లు లేని కంప్యూటర్ మానిటర్ మీద ప్లేస్టేషన్ ఆడేవాళ్లు. ప్లేస్టేషన్ 5కి ఆప్టికల్ తీసేశారు కాబట్టి పాత హోమ్ థియేటర్‌కి కలపాలంటే ఇలాంటిదే దారి. మామూలు స్మార్ట్ టీవీ ఉన్నవాళ్లు మాత్రం పర్సు తీయకముందు టీవీ వెనకాల చూడండి. ఏదో ఒక హెచ్‌డీఎంఐ పోర్ట్ పక్కన ఆర్క్ (టీవీ సౌండ్‌ని అదే వైరులో బయటికి పంపేది) అని రాసుంటే, మీ సౌండ్‌బార్‌కి కూడా అది ఉంటే, ఒక్క హెచ్‌డీఎంఐ వైరుతో పని అయిపోతుంది. ఇయర్‌ఫోన్ జాక్ ఉన్నా, ఆప్టికల్ ఉన్నా (దానికైతే మధ్యలో డాక్ పెట్టుకుని) అంతే, పాత ఆంప్లిఫయర్ అక్కడికే కలపొచ్చు. మొన్న మా పిన్ని వాళ్లింట్లో ఈ డబ్బా ఆర్డర్ చేయబోతుంటే ఆపి, 120 రూపాయల పిన్నుల వైరు ఇచ్చి వచ్చాను. పాత ఎఫ్ఎం రేడియో సెట్ ఇప్పుడు వాళ్ల టీవీ స్పీకర్.

ఆంప్లిఫయర్ వెనకాల ఏయే పిన్నులున్నాయో, మీ టీవీ వెనకాల ఏం రాసుందో కామెంట్లో పెట్టండి, ఏ వైరు సరిపోతుందో చెప్తాను. నేనిక కెమెరా ఆపాలి. సీరియల్ టైమైంది, అమ్మ స్టిక్కరున్న రిమోట్ అడుగుతోంది. ఉంటానండీ.