నల్గొండ ఎండలకు తెల్ల ఎలుకల పంజరం: మూడు రకాలు వాడి చూశాక నా అభిప్రాయం

నమస్కారం. నల్గొండ నుంచి మాట్లాడుతున్నాను. మనం తెల్ల ఎలుకలు అని పిలిచే పెంపుడు ఎలుకలకు ఎలాంటి పంజరం తీసుకోవాలని అడిగిన వారి కోసం, రెండేళ్లుగా నేను వాడి చూసిన మూడు రకాలను ఈ రోజు పక్కపక్కన పెట్టి చూపిస్తున్నాను. మూడూ నా డబ్బుతో కొన్నవే.

ముందుగా ఈ గాజు తొట్టిని చూడండి. చేపల కోసం తయారైన ఈ తొట్టి చూడముచ్చటగా ఉంటుంది, ఎలుకలు ఏం చేస్తున్నాయో అన్ని వైపుల నుంచీ కనిపిస్తుంది, కానీ గాలి ఆడేది పైభాగం నుంచి మాత్రమే. ఎలుక మూత్రం నుంచి వెలువడే అమోనియా వాయువు బయటికి సరిగా పోలేక అడుగునే, సరిగ్గా ఎలుక ముక్కు ఉండే ఎత్తులోనే, పేరుకుపోతుంది. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చాలా పెంపుడు ఎలుకల శ్వాసనాళాల్లో ముందు నుంచే ఉంటుంది. అమోనియా ఆ నాళాల్లో మంట పుట్టించినప్పుడు ఆ సూక్ష్మజీవి విజృంభించి, జబ్బు తుమ్ములతో మొదలై న్యుమోనియా వరకు వెళుతుంది. నా ఎలుకల్లో ఒకదాని ముక్కు చుట్టూ ఎర్రటి చార కనిపించినప్పుడు రక్తమని కంగారు పడ్డాను. అది రక్తం కాదని, కంటి వెనుక ఉండే గ్రంథి నుంచి ఊరే పోర్ఫిరిన్ అనే రంగు పదార్థమని, ఎలుక ఒత్తిడిలోనో అనారోగ్యంలోనో ఉన్నప్పుడు అది ఎక్కువగా కారుతుందని తరువాత తెలిసింది. గాజు తొట్టిని ఆ వారమే తీసేశాను.

రెండవది లవ్ బర్డ్స్ పంజరం. పక్షులు అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది, తేలికగా ఉంటుంది, ఊచల మధ్య సందు అర అంగుళం కనుక ఎలుక తప్పించుకోలేదు. సందు సంగతి చిన్నదిగా కొట్టిపారేయకండి. ఎలుక తల పట్టిన సందులో దాని ఒళ్లంతా పడుతుంది. అంగుళం సందులోంచి పిల్ల ఎలుకలు, చిన్న ఆడ ఎలుకలు సులువుగా జారిపోతాయి. అయితే ఈ పంజరం కొలత చూడండి: పొడవు అడుగున్నర, వెడల్పు అడుగు, ఎత్తు అడుగున్నర. లెక్కిస్తే రెండుంపావు ఘనపుటడుగులు. ఒక్కో ఎలుకకు కనీసం రెండు ఘనపుటడుగులు కావాలని పెంపకందారులు చెబుతారు, అంటే ఇది ఒక్క ఎలుకకే సరిపోతుంది. గుంపుగా బతికే జీవిని ఒంటరిగా ఉంచకూడదు కనుక, ఒక్క ఎలుకకు సరిపోయే పంజరమంటే ఏ ఎలుకకూ పనికిరాని పంజరమే. పైగా దీని అడుగు తీగల జాలీ. రోజంతా తీగల మీద నిలబడితే పాదాల అడుగున పుండ్లు పడతాయి, అవి ఒక పట్టాన మానవు. పైకి జరిపి తెరిచే దీని తలుపును నా ఎలుకలు రెండో రాత్రికే ముక్కుతో ఎత్తడం నేర్చుకున్నాయి.

ఇక మూడవది, వెల్డింగ్ షాపులో చేయించుకున్నది. ఎలుకలకు బోను కావాలని నేను చెప్పగానే అక్కడి పెద్దాయన, పట్టడానికా పెంచడానికా అని అడిగారు. తప్పు నాదే, మన దగ్గర బోను అంటే పట్టేదే కదా. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, మూడడుగుల ఎత్తు, అర అంగుళం వెల్డ్ మెష్, గడియ పెట్టే పెద్ద తలుపు. మొదట మామూలు పెయింటు వేయించాను. ఎలుకలు ఊచలు కొరికి రంగు పొరలు రాల్చడంతో దాన్ని గీకించి, హైదరాబాద్‌కు పంపి పౌడర్ కోటింగ్, అంటే రంగు పొడిని వేడితో కరిగించి అతికించే పూత, చేయించవలసి వచ్చింది. ఆ ఖర్చు ముందే పెట్టి ఉంటే ఒక పని తప్పేది. లోపల రెండు అంతస్తులు పెట్టించి, పైనుంచి జారినా అడుగుదాకా పడిపోకుండా మధ్యలో పాత లుంగీతో కుట్టిన ఉయ్యాలలు కట్టాను.

నా ఓటు దీనికే, దానికి ముఖ్య కారణం మన ఎండ. మే నెలలో నల్గొండలో నలభై నాలుగు డిగ్రీలు కొత్త కాదు. ఎలుకకు ముప్పై డిగ్రీలు దాటితేనే ఇబ్బంది మొదలవుతుంది. దానికి మనలా చెమట పట్టదు, ఒంటి వేడిని వదలడానికి దాని తోక ఒక ముఖ్యమైన దారి. అందుకే వట్టి ఫ్యాను గాలి మనకు ఇచ్చినంత ఉపశమనం దానికి ఇవ్వదు, గది చల్లబడాలి. చుట్టూ జాలీ ఉన్న పంజరంలో గది చల్లదనం లోపలికి వస్తుంది, గాజులో రాదు. రేకుల గదిలో, మిద్దె మీది గదిలో పంజరం పెట్టనే వద్దు. నేను అడుగున షాబాద్ బండ ముక్క ఒకటి పరిచి, దాని మీద కుమ్మరి దగ్గర కొన్న మట్టికుండను అడ్డంగా పడుకోబెట్టాను. మధ్యాహ్నం నా ఎలుకలు రెండూ ఆ కుండలోనే ఉంటాయి, ఉయ్యాల వైపు చూడవు.

పంజరం అడుగున పరిచే పరుపు గురించి ఒక మాట. మిర్యాలగూడ మిల్లుల పుణ్యాన మనకు ఊక సులువుగా దొరుకుతుందని నేను దానితోనే మొదలుపెట్టాను. దాని దుమ్ముకు తుమ్ములు పట్టుకున్నాయి. సామిల్లు పొట్టులో ఏ చెక్క ఎంత కలిసిందో తెలియదు. దేవదారు, పైన్ పొట్టు వాసనే వాటి ఊపిరికి మంచిది కాదు. ఇప్పుడు చింపిన కాగితం, పాత నూలు బట్ట వాడుతున్నాను. బట్ట రెండు రోజులకొకసారి ఉతకాలి.

ఈ మూడవ పంజరంలో లోపం లేదా అంటే ఉంది. బరువు. కడగడానికి వాకిట్లోకి తేవాలంటే ఇద్దరు పట్టాలి, మా తమ్ముడు ఇంట్లో లేని రోజు ఆ పని ఆగిపోతుంది. మీరు చేయించుకునేటప్పుడు నాలుగు కాళ్లకూ చక్రాలు పెట్టమని ముందే చెప్పండి.