ఎనభై మందికి నెల జీతం: మాంచెస్టర్ హాలే ఆర్కెస్ట్రా సంగతి

సింఫనీ ఆర్కెస్ట్రా అనగానే చాలామందికి నల్లకోట్లు, చేతిలో సన్నటి కర్ర పట్టుకుని ఊపే ఒకాయన గుర్తొస్తారు. నాకు మాత్రం జీతాల రిజిస్టరు గుర్తొస్తుంది. నవ్వకండి, ఇవాళ చెప్పబోయే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. లండన్ కాదు, ఇంగ్లండులో ఉత్తరాన ఉన్న మిల్లుల ఊరు మాంచెస్టర్. అక్కడ 1858లో మొదలై ఇప్పటికీ నడుస్తున్న హాలే ఆర్కెస్ట్రా మధ్యలో రెండుసార్లు మూతపడేంత పనైంది. రెండుసార్లూ వాయించడం రాక కాదు, వాయించేవాళ్లను నిలబెట్టుకోలేక.

మాంచెస్టర్‌తో మనకూ పాత లెక్కలున్నాయి. మన నేతగాళ్ల మగ్గాలు మూలపడేలా చేసిన మిల్లు గుడ్డ చాలావరకు ఆ చుట్టుపక్కల నుంచి వచ్చిందే. ఆ గుడ్డ డబ్బుతోనే అక్కడ పెద్ద పెద్ద హాళ్లు లేచాయి, ఆ వ్యాపారం కోసం వచ్చి స్థిరపడిన జర్మన్ వర్తకులే కచేరీలకు ముందువరస శ్రోతలయ్యారు. ఇది చెప్పకుండా ఆ ఊరి సంగీతాన్ని మెచ్చుకోవడం నాకు ఇష్టం లేదు, అందుకే ముందే చెప్పేశాను.

ఇక హాలే ఎవరంటే, జర్మనీలోని హాగెన్‌లో 1819లో పుట్టిన పియానో విద్వాంసుడు. పారిస్ చేరి షోపాన్, లిస్ట్ లాంటి పేరున్న సంగీతకారులతో స్నేహం చేసి, బాగానే బతుకుతున్నవాడు 1848 విప్లవంతో అక్కడ పని లేకుండా పోతే లండన్ వచ్చిపడ్డాడు, కార్ల్ కాస్తా చార్లెస్ అయ్యాడు. మాంచెస్టర్‌లో అప్పటికే జెంటిల్‌మెన్స్ కాన్సర్ట్స్ అని ఒకటుండేది, చందా కట్టిన పెద్దమనుషులకే ప్రవేశం. వాళ్ల ఆర్కెస్ట్రాను మొదటిసారి విన్నాక పెట్టే సర్దుకుని వెళ్లిపోదామనిపించిందని ఆయనే తర్వాత రాసుకున్నాడు. వెళ్లకుండా దాన్నే చేతిలోకి తీసుకున్నాడు. 1857లో ఆ ఊళ్లో ఆర్ట్ ట్రెజర్స్ అని పెద్ద కళా ప్రదర్శన జరిగితే, దానికోసం బయటి నుంచి కూడా మనుషుల్ని రప్పించి మంచి ఆర్కెస్ట్రా కూర్చాడు. ప్రదర్శన అయిపోయింది, ఇప్పుడు వీళ్లంతా ఎవరి దారి వాళ్లు చూసుకుంటారు, మళ్లీ పాత కథే. అది ఒప్పుకోలేక తన సొంత రిస్కు మీద, టికెట్ కొన్నవాళ్లెవరైనా రావచ్చంటూ కచేరీలు మొదలుపెట్టాడు. మొదటిది 1858 జనవరి 30న, ఫ్రీ ట్రేడ్ హాల్లో.

మొదటి సీజన్లో 30 కచేరీలు. చివర్లో ఖర్చులన్నీ పోను లెక్క తేలిస్తే, చేతికొచ్చినవి పది కొత్త మూడు పెన్నీల నాణేలు. అంటే కచేరీకి ఒక పెన్నీ లాభం! ఇంకొకరైతే దండం పెట్టి పియానో పాఠాలు చెప్పుకుంటూ కూర్చునేవారు. ఈయన 1895లో చనిపోయేదాకా నడిపించాడు.

తర్వాత పెద్ద పెద్ద కండక్టర్లు, అంటే ఆ కర్ర ఊపి ఆర్కెస్ట్రాను నడిపించేవాళ్లు, వచ్చారు. హాన్స్ రిక్టర్ కాలంలో, 1908 డిసెంబర్ 3న, ఇంగ్లిషు స్వరకర్త ఎల్గార్ రాసిన మొదటి సింఫనీని, అంటే ఆర్కెస్ట్రా మొత్తం వాయించే పెద్ద కృతిని, లోకంలో అందరికంటే ముందు వాయించింది వీళ్లే. పేరు బానే వచ్చింది, కానీ వాయించేవాళ్లకు ఏడాది పొడవునా జీతం మాత్రం లేదు. చలికాలం సీజన్ ఉన్నన్నాళ్లు డబ్బు, వేసవి వస్తే సముద్రపు ఒడ్డు ఊళ్లలో బ్యాండు మేళాలు. ఇదే అసలు జబ్బు, అది యుద్ధంలో బయటపడింది.

1940 డిసెంబర్ బాంబుదాడుల్లో ఫ్రీ ట్రేడ్ హాలు గోడలు మిగిలాయి, లోపల బూడిద. కుర్రాళ్లు సైన్యంలో ఉన్నారు. ఉన్నవాళ్లలో చాలామంది ఇటు హాలేలో, అటు బీబీసీ వాళ్ల ఆర్కెస్ట్రాలో రెండుచోట్లా వాయిస్తున్నారు. పక్కనున్న లివర్‌పూల్ వాళ్లు అప్పటికే ఏడాదంతా జీతమిచ్చే పద్ధతిలోకి మారిపోతుంటే హాలే బోర్డుకు టెన్షన్ పట్టుకుంది, మనమూ అలాగే చేద్దాం, బీబీసీతో పంపకం బంద్ అని తీర్మానించారు. నిర్ణయం మంచిదే, కానీ అటూ ఇటూ వాయిస్తున్నవాళ్లలో హాలే వైపు వచ్చింది నలుగురు! మిగతావాళ్లను ఏమీ అనలేం, యుద్ధంలో ఎవరైనా గట్టి కొలువే చూసుకుంటారు.

అప్పుడు న్యూయార్క్ నుంచి వచ్చాడు జాన్ బార్బిరోలి. లండన్లో పుట్టిన ఇటాలియన్ కుటుంబం పిల్లాడు, సెల్లో వాద్యకారుడు. న్యూయార్క్ ఫిల్హార్మోనిక్‌లో కండక్టర్‌గా చేశాడు, కానీ అక్కడ కొనసాగాలంటే అమెరికా పౌరసత్వం తీసుకోవాలనే షరతు వచ్చి పడితే కుదరదన్నాడు. 1943 జూన్‌లో మాంచెస్టర్‌లో దిగాడు. మొదటి కచేరీకి నెల రోజుల టైము, చూస్తే ఆర్కెస్ట్రా లేదు. పొద్దున్నుంచి రాత్రిదాకా ఆడిషన్లు పెట్టాడు. దొరికినవాళ్లెవరనుకున్నారు? ఫ్లూట్‌కి ఒక బడి కుర్రాడు, హార్న్‌కి ఒక స్కూలు టీచరమ్మ, బూరలకు మిల్లుల బ్యాండ్లలో, మిలిటరీ బ్యాండ్లలో ఊదేవాళ్లు. వాళ్లను కూర్చోబెట్టి 1943 జూలై 5న బ్రాడ్‌ఫర్డ్‌లో కచేరీ చేశాడు. సొంత ఊళ్లో హాలు లేదు కాబట్టి సినిమా హాళ్లలో, చర్చిల్లో, ఆఖరికి బెల్ వ్యూలో సర్కస్ ఆడే కింగ్స్ హాల్లో కూడా వాయించారు. పాత హాలు మళ్లీ తెరిచింది 1951లో. ఆయన మాత్రం 1970లో పోయేదాకా ఆ ఆర్కెస్ట్రాను వదల్లేదు.

ఆయన పనిలో నాకు బాగా నచ్చింది ఒకటుంది. వయొలిన్లన్నీ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదులుతాయి చూశారా, అది దానంతటదే జరగదు. ఏ స్వరానికి కమాను ఎటు లాగాలో ప్రతివాళ్ల కాగితం మీదా పెన్సిల్‌తో గుర్తులుంటాయి. బార్బిరోలి తనే రాత్రుళ్లు కూర్చుని ఆ గుర్తులు పెట్టేవాడు. స్టాండుకు ఇద్దరు కూర్చుంటారు, పేజీ వచ్చినప్పుడు లోపలివైపు మనిషి వాయించడం ఆపి తిప్పుతాడు, బయటివైపు మనిషి ఆపకుండా వాయిస్తాడు. ఇలా పక్కపక్కన ఏళ్ల తరబడి కూర్చుంటేనే శబ్దం ఒకటిగా వినబడుతుంది. రోజుకొకరిని పిలిపించుకుంటే ఆ కుదురు రాదు. నెల జీతం అని నేను మొత్తుకునేది ఇందుకే.

అన్నట్టు, అదే బార్బిరోలి దగ్గర 1950లలో అసిస్టెంట్ కాన్సర్ట్ మాస్టర్‌గా, అంటే వయొలిన్ల వాళ్ల నాయకుడికి సహాయకుడిగా, కొన్నేళ్లు చేసింది మన దేశపు మనిషే, మెహ్లీ మెహతా. 1935లో బొంబాయి సింఫనీ ఆర్కెస్ట్రా పెట్టింది ఆయనే, పేరున్న కండక్టర్ జుబిన్ మెహతా తండ్రి. సొంతంగా ఆర్కెస్ట్రా పెట్టినవాడు పరాయి ఊళ్లో ఇంకొకరి వెనక కూర్చుని వాయించాడంటే, బొంబాయిలో ఆ జీతాల ఏర్పాటు లేకపోవడం కూడా ఒక కారణమేనని నా అనుమానం.

రెండో గండం 1998లో. అప్పటికి రెండేళ్ల కిందటే బ్రిడ్జ్‌వాటర్ హాల్‌కి మారారు. పక్కనే ట్రామ్ పోతుంది కాబట్టి దాని అదురు లోపలికి రాకుండా భవనం మొత్తాన్ని స్ప్రింగుల మీద కూర్చోబెట్టారు. అంత హాలు కట్టిన ఊళ్లో ఆర్కెస్ట్రా మాత్రం అప్పుల్లో మునిగి దివాలా అంచుకు వచ్చింది. జనం దగ్గర చందాలు వేస్తే 20 లక్షల పౌండ్లు వచ్చాయి, ఆఫీసు సిబ్బందిని సగానికి సగం తీసేశారు, వాద్యకారుల్ని 98 నుంచి 80కి దించారు. జీతాలు నాలుగేళ్లపాటు ఒక్క పౌండు పెరగలేదు. 2001లో కళలకు ప్రజల డబ్బు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ 38 లక్షల పౌండ్లు ఇస్తే అప్పులు తీరి, జీతాలు కదిలాయి. 2000లో వచ్చిన కండక్టర్ మార్క్ ఎల్డర్ 24 ఏళ్లు ఉండి మళ్లీ పేరు నిలబెట్టాడు. 2024 నుంచి సింగపూర్‌కు చెందిన కాచున్ వాంగ్ నడిపిస్తున్నాడు.

ఇక్కడ ఎవరైనా అడిగే మాటే, టికెట్లు అమ్ముకుని బతకొచ్చుగా, ప్రజల డబ్బు ఎందుకని. సబబైన ప్రశ్నే. కానీ ఆలోచించండి, అదే ఊళ్లో మిల్లు కొత్త యంత్రం పెడితే తక్కువమందితో ఎక్కువ గుడ్డ నేసేది. ఎల్గార్ సింఫనీకి 1908లో దాదాపు 50 నిమిషాలు పట్టింది, ఇప్పుడూ అంతే, మనుషులూ దాదాపు అంతేమంది కావాలి. ఖర్చు మాత్రం ఏటా పెరుగుతుంది. హాలు కిటకిటలాడినా లోటు లోటే. దాన్ని ఎవరో ఒకరు భరించాలి, పాతరోజుల్లో గుడ్డ వర్తకులు భరించారు, ఇప్పుడు పన్ను కట్టేవాళ్లూ దాతలూ భరిస్తున్నారు. దానికి బదులుగా ఈ సంస్థ పిల్లల కోరస్, యూత్ ఆర్కెస్ట్రా నడుపుతుంది, చుట్టుపక్కల ఊళ్లకు వెళ్లి వాయిస్తుంది. నన్నడిగితే ఇవ్వాలి, కానీ లెక్క మాత్రం 1998 ముందులా కాకుండా గట్టిగా అడగాలి.

మాంచెస్టర్‌లో చదువుకుంటున్న మన పిల్లలెవరైనా ఇది వింటుంటే ఒకసారి వెళ్లండి. పై అంతస్తులో చవక సీటు తీసుకోండి, అక్కడినుంచే వెనకవరస వయొలిన్ల వాళ్లు పేజీలు తిప్పడం బాగా కనబడుతుంది.