బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్ రివ్యూ: మూడు రకాల పూతల్లో ఏది ఎక్కడ వేయాలి?

అందరికీ నమస్కారం. ఇల్లు అమ్మే ముందు బాగు చేయిద్దామనుకునేవాళ్లకీ, ఉన్న ఇంట్లోనే బాత్రూమ్ మార్చుకుందామనుకునేవాళ్లకీ ఈ వీడియో పనికొస్తుంది. ఈరోజు రివ్యూ చేస్తున్నది టైల్స్ కింద వేసే వాటర్‌ప్రూఫింగ్ పూతల్ని.

ముందు మార్కెట్ సంగతి చిన్నగా చెప్పేస్తాను. మీ ఏరియాలో మీ ఇంటిలాంటివి ఎన్ని అమ్మకానికి ఉన్నాయో లెక్కపెట్టండి. నెలకు ఎన్ని అమ్ముడవుతున్నాయో కనుక్కుని, దాంతో భాగించండి. 24 ఇళ్లు ఉండి నెలకు 4 పోతుంటే 6 నెలల సరుకు ఉన్నట్టు. 6కి అటూఇటూ అయితే అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ సమానమని మామూలు లెక్క. బాగా తక్కువైతే బేరం అమ్మేవాళ్ల చేతిలో ఉంటుంది, ఎక్కువైతే కొనేవాళ్ల చేతిలో. ప్రకటనల్లో కనిపించేది అడిగే రేటు. మీకు కావాల్సింది ఈమధ్య నిజంగా అమ్ముడైన రేటు.

కొనేవాళ్లది పైచేయి అయినప్పుడు వాళ్లు గోడలు తడిమి చూస్తారు. బాత్రూమ్ అవతలి గోడకు చెమ్మ మరక కనబడితే, పైన ఎంత మంచి టైల్స్ ఉన్నా బేరం అక్కడి నుంచే తగ్గుతుంది. అందుకే రీమోడలింగ్ డబ్బు ముందు టైల్ కిందికి వెళ్లాలి, తర్వాతే టైల్ పైకి.

సరే, పూతలు. టైల్స్ కింద వేసే పూతలకు ఈఎన్ 14891 అని ఒక యూరప్ ప్రమాణం ఉంది. అందులో మూడు రకాలు: సీఎం, డీఎం, ఆర్ఎం. డబ్బా మీద ఈ అక్షరాలు ఉంటే ఏది కొంటున్నారో తెలుస్తుంది.

సీఎం అంటే సిమెంట్ పొడి, పాలిమర్ ద్రవం కలిపి వేసేది. దీని పెద్ద బలం ఏంటంటే, కాస్త తడిగా ఉన్న గచ్చు మీద కూడా పట్టుకుంటుంది. పాత బాత్రూమ్ పగలగొట్టాక స్లాబ్ పూర్తిగా ఆరడానికి వారాలు పట్టొచ్చు, అన్నాళ్లు ఆగేవాళ్లు తక్కువ. డీఎం నేరుగా డబ్బాలోంచి తీసి రాసేది. షవర్ గోడలకు చాలా సులువు. కానీ గాలి ఆడని గదిలో నెమ్మదిగా ఆరుతుంది, ఆరకముందే టైల్ వేస్తే లోపల మెత్తగానే ఉండిపోతుంది. ఆర్ఎం అంటే పాలీయురెథేన్, ఎపాక్సీ లాంటి రెసిన్లు. పాలీయురెథేన్ బాగా సాగుతుంది, చెక్క ఫ్లోర్ మీద, బీటలు కదిలే చోట దీన్ని మించింది లేదు. అయితే పూత కింది నేల పొడిగా లేకపోతే బొబ్బలు లేస్తాయి. ఆరాక నున్నగా ఉంటుంది కాబట్టి చివరి కోటు పచ్చిగా ఉండగానే దాని మీద క్వార్ట్జ్ ఇసుక చల్లాలి, లేదంటే టైల్ అంటుకోదు. ఈ ఇసుక మర్చిపోయే మేస్త్రీలు చాలామంది ఉంటారు, దగ్గరుండి చూసుకోండి.

ఎంత సరుకు కావాలి? 6 అడుగులకు 8 అడుగుల గది తీసుకుందాం. ఫ్లోర్ 48 చదరపు అడుగులు. చుట్టూ గోడకు అడుగు ఎత్తు, తలుపు తీసేస్తే దాదాపు 25. షవర్ మూలలో రెండు గోడలు మూడేసి అడుగుల వెడల్పున, ఆ అడుగు పైనుంచి 6 అడుగుల ఎత్తు దాకా ఇంకో 30. మొత్తం 103, అంటే 9.6 చదరపు మీటర్లు. సీఎం రకం మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు సుమారు 1.7 కిలోలు తాగుతుంది. 1.2 మిల్లీమీటర్ల మందం వేస్తే 20 కిలోలు, వృథా కలిపి 22. బస్తా మీద రాసిన లెక్కతో ఒకసారి సరిచూసుకోండి. ఇంత గదికి ఎవరైనా 10 కిలోలు చాలంటే, మందం సగమే వస్తుందని అర్థం.

ఇక అసలు గొడవంతా పూత కింది నేల తయారీలో ఉంటుంది. నీళ్లు పారే వాటం పూత కిందే ఉండాలి, టైల్ గమ్‌తో సర్దడం కాదు. 80కి 1 వాటం అంటే 8 అడుగుల పొడవుకు 30 మిల్లీమీటర్ల దిగువ. రసమట్టం పెట్టి చూడండి. పొడిపొడిగా రాలే సిమెంట్ పొరంతా గీకేసి, దుమ్ము లేకుండా కడగాలి. పూత పెచ్చులుగా ఊడిపోవడానికి మొదటి కారణం ఆ దుమ్మే. గోడ, నేల కలిసే మూలలో సిమెంట్‌తో గుండ్రంగా గోలా కట్టి, దాని మీద ఫైబర్ మెష్ పచ్చి పూతలో పొదగాలి.

ఫ్లోర్ ట్రాప్, అంటే నేల మీది నీళ్లు బయటికి పోయే జాలీ రంధ్రం దగ్గర ఇంకాస్త జాగ్రత్త. లీకు ఎక్కువగా అక్కడే, పైపు ప్లాస్టిక్‌కీ కాంక్రీట్‌కీ మధ్య సందులో. ఆ సందును కుదించుకుపోని గ్రౌట్‌తో (సందులు పూడ్చే ముద్ద) నింపి, ప్లాస్టిక్ అంచును గరుకు కాగితంతో రుద్ది, పూతను ట్రాప్ లోపలి అంచు దాకా దించాలి. గడప దగ్గర కూడా పూత ఆపేయకండి. అక్కడ చిన్న కట్ట కట్టి దాని మీదికి ఎక్కించాలి, లేకపోతే టైల్ కింద నడిచిన నీరు బెడ్‌రూమ్ ఫ్లోర్ కిందికి చేరుతుంది.

కలిపేటప్పుడు ద్రవంలో పొడి పోయాలి, తక్కువ వేగం మిక్సర్‌తో. గట్టిపడుతోందని నీళ్లు పోయొద్దు, పోస్తే బలం పోతుంది. రెండు కోట్లు, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. ఒకే మందపు కోటు వేస్తే ఆరేటప్పుడు చీలుతుంది.

బస్తా మీద చెప్పినన్ని రోజులు ఆరాక నీళ్ల పరీక్ష. ట్రాప్ మూసి, రెండు అంగుళాల నీళ్లు నింపి, గోడ మీద గీత పెట్టండి. కనీసం 24 గంటలు, వీలైతే 48. రెండు అంగుళాలకే చదరపు మీటరుకు 50 కిలోల బరువు పడుతుంది, అంతకు మించొద్దు. పక్కనే ఎత్తు మీద ఒక వెడల్పాటి ట్రేలో అంతే లోతు నీళ్లు పెట్టండి. ట్రేలో 2 మిల్లీమీటర్లు తగ్గి గదిలో 6 తగ్గితే, అది ఆవిరి కాదు, లీకు. కింది సీలింగ్ కూడా చూసి రండి.

పరీక్ష అయ్యాక ప్లంబర్‌ని నేలకు డ్రిల్ పెట్టనివ్వొద్దు. టైల్‌కు సీ2 ఎస్1 రకం గమ్ (మామూలుకన్నా గట్టిగా పట్టి, కాస్త వంగే రకం) వాడండి, టైల్ వెనక కనీసం 95 శాతం అంటాలి. ఒక టైల్ వేసి వెంటనే పీకి వెనక చూస్తే తెలిసిపోతుంది. నేల, గోడ కలిసే జాయింట్‌లో గ్రౌట్ కాకుండా సిలికాన్ పెట్టండి.

టైల్స్ పగలగొట్టకుండా పైన ఎపాక్సీ గ్రౌట్ నింపితే సరిపోతుందా? జాయింట్ల నుంచి దిగే నీరు తగ్గుతుంది, నిజమే. ట్రాప్ పక్క సందు, పగిలిన పైపు మాత్రం అలాగే ఉంటాయి. ముందు పైపుల ప్రెషర్ టెస్ట్ చేయించండి, ఆ తర్వాతే నిర్ణయించండి.

నా ఓటు చాలా ఇళ్లకు సీఎం రకానికే. కదిలే ఫ్లోర్ అయితే ఆర్ఎం, అది కూడా వేసే మనిషికి ఆ పని బాగా వస్తేనే. మీ గది కొలతలు, ట్రాప్ ఫొటో పంపితే సరుకు లెక్క వేసి చెప్తాను.