గిన్నెలో కలిశారు సరే, బల్ల దగ్గర?

నమస్కారం. బెండకాయ వేపుడు నేర్పేటప్పుడు మన ఇళ్లలో పెద్దవాళ్లు ముందు ఒక జాగ్రత్త చెబుతారు. కాయలు కడిగి, తడి లేకుండా తుడిచి, ఆ తరువాతే కత్తి పెట్టాలి, లేకపోతే జిగురు వస్తుందని. అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఆ జిగురు కోసమే బెండకాయ వేస్తారు. గంబో అనే అక్కడి పులుసు దానితో చిక్కబడుతుంది. అసలు గంబో అన్న పేరే బెండకాయది. బానిసలుగా ఓడల్లో తెచ్చిన ఆఫ్రికా మనుషుల నోట వచ్చిన బంటు భాషల మాట అది.

ఇప్పుడు ఆ గిన్నె దగ్గరికి రండి. పిండిని కొవ్వులో వేసి, సన్న సెగ మీద, చాక్లెట్ రంగు వచ్చేదాకా వేయిస్తారు. దీన్ని రూ అంటారు, ఫ్రెంచివాళ్ల పద్ధతి. గరిటె కాసేపు ఆగిందా, మాడిపోతుంది, అంతా పారబోసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆపైన ఉల్లిపాయలు, సెలరీ, క్యాప్సికం, రొయ్యలు, పీతలు. బెండకాయకు బదులు కొందరు ససాఫ్రస్ అనే చెట్టు ఆకుల పొడి వాడతారు. అది అక్కడి మూలవాసులైన చోక్టా ప్రజలు నేర్పినది. చివరకు అన్నంలో పోసుకుని తింటారు, అచ్చం మనలాగే.

ఈ గిన్నెను చూపించి, అన్ని జాతులూ ఇలా కలిసిపోయిన దేశమే అమెరికా అని చాలామంది మురిసిపోతారు. ఆ మాట నాకు మింగుడుపడదు. వంటలో కలిసిన ఆ మనుషులే, నల్లవాళ్లూ తెల్లవాళ్లూ, ఒక బల్ల దగ్గర కూర్చుని తింటే దక్షిణాది రాష్ట్రాల్లో నేరమయ్యేది. 1964లో పౌర హక్కుల చట్టం వచ్చేదాకా అదే పరిస్థితి.

అందుకే నాకు గంబో అనగానే లియా చేజ్ గుర్తుకొస్తారు. 1923లో పుట్టిన నల్లజాతి మహిళ. 1946లో డూకీ చేజ్ అనే సంగీతకారుణ్ణి పెళ్లాడారు. న్యూ ఆర్లియన్స్‌లోని ట్రెమే పేటలో ఆయన తల్లిదండ్రులకు శాండ్‌విచ్‌లు, లాటరీ టికెట్లు అమ్మే చిన్న దుకాణం ఉండేది. బల్లల మీద తెల్లని గుడ్డలు పరిచి, నల్లజాతివాళ్లు దర్జాగా కూర్చుని తినే రెస్టారెంటుగా దాన్ని మార్చింది లియా. బానిసలు ఆదివారాల్లో చేరి డప్పులు వాయించి నాట్యమాడిన కాంగో స్క్వేర్ కూడా ఆ పేటలోనిదే. ఊరూరా తిరిగి పాడే నల్లజాతి సంగీతకారుల పాటలు శ్వేతజాతీయులకు కావాలి, పక్కన కూర్చుంటే మాత్రం పనికిరాదు. అందుకే రే చార్లెస్ అంతటి గాయకుడు లియా వంట తినడానికి వచ్చేవారు.

1960ల్లో ఆ రెస్టారెంటు మేడ మీద గదిలో నల్లవాళ్లు, తెల్లవాళ్లు కలిసి కూర్చున్నారు. చట్టానికి విరుద్ధమని అందరికీ తెలుసు. 1961లో బస్సుల్లో నల్లవాళ్లను, తెల్లవాళ్లను విడిగా కూర్చోబెట్టే పద్ధతిని ధిక్కరిస్తూ ప్రయాణించిన ఫ్రీడమ్ రైడర్లకు లియా గంబో వడ్డించారు. ఆ రెస్టారెంటు మీద బాంబు కూడా విసిరారు. అయినా పొయ్యి ఆరలేదు.

2005లో కత్రినా తుఫాను వచ్చి రెస్టారెంటు నీళ్లలో మునిగింది, రెండేళ్లు మూతపడింది. ఎనభై దాటిన వయసులో ఆమె మళ్లీ తలుపులు తీశారు. 2009లో డిస్నీ సంస్థ తొలి నల్లజాతి యువరాణి టియానాను తెరమీదికి తెచ్చింది. గంబో వండుతూ సొంత రెస్టారెంటు కోసం కలలుగనే ఆ పిల్లకు స్ఫూర్తి లియాయే. అంతకుముందు ఎన్నికల ప్రచారంలో ఒబామా వచ్చి తన గంబోలో కారం సాసు పోసుకుంటే, లియా ఆయన్ను అక్కడే మందలించారు. ఆ వంట మీద ఆమెకున్న అభిమానం అలాంటిది.

2019లో 96 ఏళ్ల వయసులో ఆమె కన్నుమూశారు. రెస్టారెంటును ఇప్పటికీ కుటుంబమే నడుపుతోంది. హ్యూస్టన్‌లో ఉన్న మన తెలుగువాళ్లకు కారులో ఐదారు గంటల దారి. వెళ్తే గంబో తినండి, మేడ మీద గది గురించి అడగండి.