పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పొద్దున్నే డబుల్స్

శ్రోతలకు నమస్కారం.

పోర్ట్ ఆఫ్ స్పెయిన్ అనే ఊరి పేరు మనలో చాలామందికి క్రికెట్ వల్లే తెలుసు. 1971లో గవాస్కర్ తొలి టెస్టు ఆడింది అక్కడే. 1976లో మనవాళ్లు నాలుగో ఇన్నింగ్స్‌లో 406 పరుగులు కొట్టి గెలిచిందీ అక్కడే. ఇవాళ నేను ఆ ఊరి తిండి గురించి చెబుతాను. కరీబియన్ దీవులకు సెలవులకు వెళ్లేవాళ్లు, ముఖ్యంగా అమెరికాలో స్థిరపడ్డ మన పిల్లలు, మంచి బీచ్ ఎక్కడుందో చూసుకుని హోటల్ బుక్ చేసుకుంటారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్ ఉన్న ట్రినిడాడ్ దీవికి వెళ్లేటప్పుడు మాత్రం ఆకలి చూసుకుని వెళ్లాలి.

మా మేనల్లుడు అక్కడ పాయింట్ లీసాస్ అనే పారిశ్రామిక వాడలో ఇంజనీరు. నేను వెళ్లిన రాత్రి ఆలస్యమైపోయిందని దిగిన హోటల్లోనే భోంచేశాను. చప్పటి పాస్తా, ఎండిపోయిన కోడి ముక్క. బిల్లు చూసేసరికి ఉన్న కాస్త ఆకలీ చచ్చిపోయింది. పొద్దున్నే మేనల్లుడు వచ్చి, "మామయ్యా, ఇక్కడ తిండి రోడ్డు మీద ఉంటుంది, లేవండి" అన్నాడు.

ఆ రోడ్డు మీద తిండి పేరు డబుల్స్. మైదాపిండిలో పసుపు, కాస్త ఈస్టు కలిపి, అరచేయంత వేసి నూనెలో తీస్తారు. మెత్తగా, పచ్చగా ఉంటుంది. దాన్ని బారా అంటారు, మన వడకు పేరులో చుట్టం. రెండు బారాలు, మధ్యలో శనగల కూర, అంతే. బండివాడి చేతులు చూడాలి మీరు. ఎడమ చేతిలో కాగితం, దాని మీద ఒక బారా, దాన్ని సగం కప్పుతూ రెండోది, గరిటెడు శనగలు, చింతపండు చట్నీ, దోసకాయ తురుము, చివర్లో కారం. కాగితం చివరలు రెండూ పట్టుకుని ఒక్క తిప్పు తిప్పి మీ చేతిలో పెడతాడు. ఇదంతా మనం చిల్లర తీసేలోపే. స్పూను అడక్కండి, నవ్వుతారు. పక్కనే నిలబడి, బారా చింపి శనగలు అందుకుంటూ చేత్తోనే తినాలి.

1930లలో ప్రిన్సెస్ టౌన్ అనే ఊళ్లో ఎమామూల్ దీన్ అనే ఆయన కుటుంబం దీన్ని మొదలుపెట్టిందని చెబుతారు. ముందు ఒక్క బారాలోనే శనగలు పెట్టి అమ్మేవారట. జనం "రెండు వెయ్యి, డబుల్ చెయ్యి" అని అడగ్గా అడగ్గా అదే పేరైపోయింది.

బండివాడు అడిగే ప్రశ్న ఒకటే, కారం ఎంత అని. "స్లైట్" అంటే నామమాత్రంగా వేస్తాడు. నేను గుంటూరు జిల్లావాణ్ణి కదా, గట్టిగానే వెయ్యమన్నాను. మేనల్లుడు ఏమీ అనకుండా నీళ్ల సీసా కొనుక్కొచ్చాడు. ఆ దీవి దక్షిణాన మోరూగా అనే ప్రాంతం పేరు మీద ఒక మిరపకాయ ఉంది, మోరూగా స్కార్పియన్. స్కార్పియన్ అంటే తేలే. 2012లో అమెరికాలోని న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు కొలిస్తే సగటున 12 లక్షల స్కోవిల్ యూనిట్లు వచ్చింది, కారాన్ని కొలిచే లెక్క అది. మన గుంటూరు సన్నం 35 నుంచి 40 వేల దగ్గర ఉంటుంది. అన్ని బండ్ల మీదా ఆ తేలే ఉండదు కానీ, దాని బంధువులన్నా ఉంటాయి. మీరు ఏ జిల్లావాళ్లయినా మొదటి రోజు "స్లైట్" అనే చెప్పండి.

ఈ శనగలూ బారాలూ అక్కడికి ఎలా చేరాయో కొంచెం చెప్పాలి. 1845 మే 30న ఫతేల్ రజాక్ అనే ఓడ రెండువందల పైచిలుకు భారతీయ కూలీలతో ట్రినిడాడ్ చేరింది. అప్పటినుంచి 1917 దాకా చెరకు తోటల్లో పనికని సుమారు 1,40,000 మంది వెళ్లారు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి వెళ్లిన భోజ్‌పురి ప్రాంతం వాళ్లు. మద్రాసు రేవునుంచి వెళ్లినవాళ్లు తక్కువే. వాళ్లలో తమిళులతోపాటు మనవాళ్లూ ఉన్నారు. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో సెయింట్ జేమ్స్ అనే పేటలో ఇప్పటికీ మద్రాస్ స్ట్రీట్ ఉంది, పక్కన కలకత్తా, బెనారస్ వీధులు. వాళ్ల మనవలు మాట్లాడేది ఇంగ్లీషే, కానీ వంటింట్లోకి వెళ్లేసరికి జీలకర్ర గీరా, వంకాయ బైగన్, తాలింపు చుంకే అయిపోతాయి.

ఉదయం ఫలహారంలో డబుల్స్ కాకపోతే సదా రోటీ, అంటే సాదా రొట్టె, దాంతో చోకా. వంకాయకు గాట్లు పెట్టి, వెల్లుల్లి రెబ్బలు దోపి, మంట మీద నల్లగా కాలుస్తారు. తొక్క తీసి మెదిపి, ఉల్లిపాయ మీద కాగిన నూనె చుయ్యిమనిపిస్తారు. మన కాల్చిన వంకాయ పచ్చడిలో చింతపండు వెయ్యడం మరిచిపోతే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. టమాటాతోనూ చేస్తారు.

మధ్యాహ్నం రోటీ షాపుకి వెళ్లండి. అక్కడ రెండు రకాలు అడగాలి. ఒకటి దాల్‌పురి, ఉడికించి పొడిచేసిన పప్పు, జీలకర్ర లోపల పెట్టి బొబ్బట్టులా ఒత్తుతారు, తీపి ఉండదు. అందులో కూర పెట్టి పొట్లంలా చుట్టి ఇస్తారు. రెండోది బస్ అప్ షట్. పేరు విని కంగారు పడకండి, చిరిగిన చొక్కా అని అర్థం. పెనం మీద వేడిగా ఉన్న పరాఠాను దబ్లా అనే చెక్క అట్లకాడలతో అటూ ఇటూ బాదితే పొరలన్నీ పీలికలవుతాయి. గుమ్మడికాయ కూర, బోడీ అని పిలిచే బొబ్బర్ల కాయల కూర, మామిడికాయ కూర, ఇవన్నీ దానికి జత. శాకాహారులకు ట్రినిడాడ్ అంత సుఖమైన చోటు కరీబియన్‌లో నాకు ఇంకోటి కనబడలేదు. ఒక్క జాగ్రత్త, చేమాకు, బెండకాయ, కొబ్బరిపాలతో చేసే కాలలూ చూడ్డానికి ఆకుకూరే కానీ, అందులో పీత గానీ పంది తోక గానీ పడవచ్చు. అడిగి తినండి.

ఆదివారం ఊరు ఊరంతా మారాకస్ బీచ్‌కు పోతుంది. కొండ దారి, మలుపుల దగ్గర ఆగితే చౌ అమ్ముతారు. అనాస, పచ్చి మామిడి ముక్కలకు ఉప్పూ కారం, షాడో బెని అనే ఆకు పట్టిస్తారు. ఆ ఆకుది కొత్తిమీర వాసనే, గొంతు పెద్దది. కిందికి దిగాక బేక్ అండ్ షార్క్ ప్రసిద్ధి. పూరీలా పొంగిన రొట్టెలో వేయించిన సొరచేప. సొరలు తగ్గిపోతున్నాయని చాలాకాలంగా చెబుతున్నారు, అందుకని నేను కింగ్‌ఫిష్ అడిగాను. అది మన వంజరం జాతే, రుచిలోనూ దాన్ని మించినట్టే అనిపించింది.

సాయంత్రాలు ఊరి మధ్య సవానా మైదానం చుట్టూ బండ్లు పెడతారు. కొబ్బరిబోండాలు, కాల్చిన మొక్కజొన్న కండెలు. కారు ఉంటే దక్షిణాన దెబే దాకా వెళ్లిరండి. రోడ్డు పక్కన వరసగా దుకాణాలు, పకోడీల్లాంటి ఫులోరీ, చేమాకుతో చేసే సహీనా, అన్నీ అప్పుడే నూనెలోంచి తీసి ఇస్తారు. పక్క దీవి టొబాగోకు విమానంలో అరగంట కూడా పట్టదు. అక్కడ స్టోర్ బే దగ్గర పీతల కూర, పిండి ఉండలు. చొక్కా మీద కూర పడకుండా ఎవరూ తినలేరు, తెల్ల చొక్కా వేసుకోకండి.

దీపావళికి వెళ్లగలిగితే ఇంకేం కావాలి. తెలిసినవాళ్లే కాదు, కొత్తవాళ్లనూ పిలిచి భోజనం పెడతారు. సోహరీ అనే వెడల్పాటి ఆకులో అన్నం, పప్పు, రోటీ, నాలుగైదు కూరలు వడ్డిస్తారు. చేత్తోనే తినాలి. అరటాకు కాదన్న తేడా తప్ప నాకు మా ఊరి పంక్తిలో కూర్చున్నట్టే అనిపించింది.

క్రిస్మస్ రోజుల్లో ప్రతి ఇంట్లో సోరెల్ అనే ఎర్రటి పానీయం కాస్తారు. లవంగం, దాల్చినచెక్క, పంచదార వేసి చల్లార్చి ఇస్తారు. ఒక గుక్క తాగగానే ఈ పులుపు ఎక్కడో ఎరుగుదునే అనుకున్నాను. మేనల్లుడి పక్కింటి పెరట్లో ఆ మొక్క చూశాక తెలిసింది. గోంగూర! మనం ఆకు తింటాం, వాళ్లు కాయను చుట్టుకుని ఉండే ఎర్రటి రేకులు తీసుకుని ఆకులు పారేస్తారు. మేనల్లుడి భార్య గోడ దగ్గరకు వెళ్లి, "ఆంటీ, ఆ ఆకులు నాకిస్తారా" అని అడిగింది. ఆవిడ ఆశ్చర్యపోయి బుట్టెడు కోసి ఇచ్చింది, దాంతోపాటు ఒక సీసా సోరెల్. మర్నాడు మావాళ్లు గిన్నెడు గోంగూర పచ్చడి పంపారు. సదా రోటీలో పెట్టుకుని ఇంటిల్లిపాదీ తిన్నారట. గిన్నె తిరిగి ఇస్తూ ఆవిడ, చాలా బాగుంది కానీ కారమే కాస్త తగ్గింది అంది.